నూరేళ్ల కిందట మా ఊళ్లో ఓటు ఎవరికి ఉండేది? రికార్డుల కోసం తిరిగిన నా అనుభవం

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. మాది కాకినాడ దగ్గర పల్లె. నలభై దాటాక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. 1920 నుంచి 1937 దాకా మా గోదావరి జిల్లాలో శాసనమండలికి, శాసనసభకు ఓటు వేసే హక్కు ఎవరికి ఉంది, సభ్యులుగా నిలబడే హక్కు ఎవరికి ఉంది, ఆ నియమాలు ఎలా మారుతూ వచ్చాయి అన్నది నా విషయం. చట్టాలు ఏ పెద్ద లైబ్రరీలోనైనా దొరుకుతాయి. చట్టం మా తాలూకాదాకా దిగి వచ్చాక ఏమైందో చెప్పే కాగితాలు మాత్రం ఎక్కడ ఉంటాయో చెప్పేవాళ్లు దొరకలేదు. 2024 జనవరిలో వెతకడం మొదలుపెడితే 2025 వేసవికి ఒక దారికొచ్చింది. ఈ పని మీద బయల్దేరేవాళ్లకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులు అవగానే జిల్లా కేంద్రంలో ఒక కార్యాలయానికి వెళ్లాను. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి ఓటర్ల జాబితాలు కావాలని అడిగితే అక్కడి గుమస్తా నా ముఖం చూసి, "ఈమధ్యవైతే వెబ్‌సైటులోనే ఉన్నాయి కదా మేడమ్" అన్నారు. 1920 నాటివి అని చెప్పాక నన్ను ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి పంపించారు. సాయంత్రానికి తేలిందేమిటంటే, నోటితో అడిగితే ఎవరూ రికార్డు రూమ్ తాళం తీయరు. దాంతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో జిల్లా స్థాయి కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు. మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ ఉండదు. జవాబు 30 రోజుల్లో రావాలి. నాకు రెండు నెలలు దాటాక వచ్చింది, అదీ ఒక్క వాక్యంలో: "అడిగిన రికార్డు అందుబాటులో లేదు."

ఆ కాగితం చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లేదంటే ఎప్పుడూ లేదనా, ఉండి పోయిందనా, చూడలేదనా? మొదటి అప్పీలు పెట్టాను. దానికి ఫీజు లేదు. ఆ అప్పీలు విచారణలోనే నాకు అసలు పాఠం దొరికింది. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న ఒక సూపరింటెండెంట్ గారు నన్ను కూర్చోబెట్టి పాత ఆఫీసు పద్ధతి చెప్పారు. ఒక ఫైలు ముగిసినప్పుడు దాని మీద ఆర్.డిస్., డి.డిస్., కె.డిస్., ఎల్.డిస్. అని ఏదో ఒకటి వేస్తారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా దాచాలి. డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఏడాది. "మేడమ్, నియమం మారిందంటే అది ఆర్.డిస్. అవుతుంది. జాబితా అలా కాదు. కొత్త జాబితా అచ్చయితే పాతదాన్ని ఎవరూ దాచుకోరు. మీరు పేర్ల కోసం వెతుకుతున్నారు. ముందు నియమాల కోసం వెతకండి, పేర్లు వేరే దారిలో వస్తాయి" అన్నారు. ఆయన పేరు రాయలేను గానీ, ఏడాదిన్నరలో నాకు అందిన సలహాల్లో అన్నిటికన్నా విలువైనది అదే.

ఆయనే ఇంకో మాట చెప్పారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాల పాలన మద్రాసు నుంచే కాబట్టి, సచివాలయం స్థాయి కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కే వెళ్లాలి. తెలంగాణ వాళ్లకు దారి వేరు. వాళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. అక్కడ పాత కాగితాలు ఎక్కువగా పారసీలో, ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టేవాళ్లను ముందే చూసుకోవాలి.

వెంటనే బయల్దేరడం కుదరలేదు. ఎన్నికలు వచ్చాయి. 2024 మే 13న పోలింగ్, నాకు ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది. ట్రైనింగులు, సామాన్లు తీసుకోవడం, రాత్రి స్కూల్లో నేల మీద పడుకోవడం, ఇవన్నీ తెలిసినవే. ఈసారి మాత్రం నా కళ్లు వేరేగా చూశాయి. పొద్దున్నే వరసలో నిలబడ్డవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. కూలికి వెళ్లేవాళ్లు త్వరగా ఓటేసి పనికి పోవాలని తొందరపడుతున్నారు. ఓటర్లు సంతకం చేసే 17-ఏ రిజిస్టరులో ఒక ముసలామె చేత వేలిముద్ర వేయిస్తుంటే, ఈమె నాయనమ్మకు ఈ హక్కు ఉందా అన్న ప్రశ్న ఒక్కసారిగా పుస్తకం లోంచి బయటికొచ్చి నా బల్ల ముందు నిలబడినట్టయింది. ఆరోజు ఎవరినీ మేం శిస్తు ఎంత కడతారని అడగలేదు, చదువొచ్చా అని అడగలేదు.

డ్యూటీ అయిన వారానికి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కాకినాడ నుంచి వెళ్లేవాళ్లకు ఇదే సుఖం. ఆ బండి ఎగ్మూరులోనే ఆగుతుంది, ఆర్కైవ్స్ స్టేషన్‌కి ఎదురుగానే, గాంధీ ఇర్విన్ రోడ్డు మీద. 1909లో కట్టిన ఎర్ర భవనం. కెన్నెట్ లేన్‌లో లాడ్జీ తీసుకుంటే రోజుకు వెయ్యి, పన్నెండు వందలు అయింది. మే నెల చెన్నై ఎండ గురించి చెప్పక్కర్లేదు. వీలైతే డిసెంబరులో వెళ్లండి.

వెళ్లేముందే అనుమతి తెచ్చుకోవాలి. నా గైడ్ ఇచ్చిన ఉత్తరం, యూనివర్సిటీ గుర్తింపు కార్డు, ఆధార్ నకలు, ఫొటోలు, ఏ విషయం మీద ఏ సంవత్సరాల రికార్డులు కావాలో రాసిన దరఖాస్తు పంపించాను. ఇక్కడ ఒక చిన్న సంగతి. దరఖాస్తులో సంవత్సరాలు కొంచెం విశాలంగా రాయండి. నేను 1918 నుంచి 1952 అని రాశాను. 1920 అని రాసి ఉంటే, ఆ నియమాలకు ముందు జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల కోసం మళ్లీ అనుమతి అడగాల్సి వచ్చేది.

లోపల పెన్సిల్‌తోనే రాసుకోవాలి. ఫోన్‌తో ఫొటో తీయడం కుదరదు. కావలసిన పుటలు గుర్తు పెట్టుకుని, నకళ్ల కోసం విడిగా అడిగి డబ్బు కట్టాలి. కాబట్టి చేత్తో రాసుకోవడానికి సిద్ధపడే వెళ్లాలి. మొదటిరోజు సాయంత్రానికి నా వేళ్లు వంగలేదు.

పద్ధతి ఇలా ఉంటుంది. శాఖల వారీగా, సంవత్సరాల వారీగా అచ్చయిన ఇండెక్సులు ఉంటాయి. అందులో విషయం వెతికి, జీవో నంబరు, తేదీ, శాఖ పేరు స్లిప్పు మీద రాసివ్వాలి. అటెండర్ లోపలికి వెళ్లి కట్ట తెచ్చేదాకా ఎదురుచూడాలి. పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి, మధ్యాహ్నం ఇస్తే తరచు మర్నాటికి. అందుకే మొదటిరోజు మొత్తం ఇండెక్సులకే కేటాయించి, స్లిప్పులు గుట్టగా రాసిపెట్టుకోవడం మంచిది. ఎన్నికల వ్యవహారం ఎప్పుడూ ఒకే శాఖలో ఉండలేదు. కొన్నేళ్లు న్యాయశాఖలో, కొన్నేళ్లు పబ్లిక్ శాఖలో కనిపిస్తుంది. ఒక శాఖ ఇండెక్సులో ఉన్నట్టుండి ఎన్నికల మాటే మాయమైతే కంగారుపడకుండా పక్క శాఖ తెరవాలి.

పేర్లతో ఇంకో చిక్కు. ఇండెక్సులో కాకినాడ ఉండదు, కొకనాడ ఉంటుంది. విజయవాడ బెజవాడ, ఏలూరు ఎల్లోర్, మచిలీపట్నం మసూలిపటం. జిల్లాలు కూడా అంతే. 1925కు ముందు తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని లేవు. భీమవరం, నరసాపురం, తణుకు తాలూకాలు ఆనాటికి కృష్ణా జిల్లాలో ఉన్నాయి. ఆ ఏడాదే పశ్చిమ గోదావరి ఏర్పడింది, మాది తూర్పు గోదావరి అయింది. పశ్చిమ డెల్టా వాళ్లు 1920 కాగితాలను గోదావరి పేరు కింద ఎంత వెతికినా దొరకవు. ఆడవాళ్ల ఓటు గురించిన ఫైళ్లు 'విమెన్' కింద కొన్నే ఉన్నాయి. 'సెక్స్ డిస్‌క్వాలిఫికేషన్' అని వెతికాక చాలా వచ్చాయి.

నేను ముందు తెప్పించుకున్నది 1919 భారత ప్రభుత్వ చట్టం కింద చేసిన మద్రాసు ఎన్నికల నియమాలు. ఎవరు ఓటరు కాలేరో మొదట చెబుతాయి: 21 ఏళ్లు నిండనివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, స్త్రీలు. తర్వాత ఎవరు కాగలరో. పల్లెల్లో భూమి మీద ఏటా 10 రూపాయల స్థాయి అర్హత, పట్టణాల్లో 3 రూపాయల మునిసిపల్ పన్ను, లేదా ఆదాయపు పన్ను కట్టి ఉండాలి. సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్లకు మాత్రం భూమితో పనిలేదు. ఈ వాక్యం చదవగానే తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం గుర్తొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లొచ్చిన ఆ ఊరి కుర్రాళ్లకు సెంటు భూమి లేకపోయినా ఓటు హక్కు ఉన్నట్టే.

ఉమ్మడి కుటుంబం గురించిన నియమం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆస్తి ఉమ్మడిగా ఉంటే కుటుంబం మొత్తాన్ని ఒక్కటిగా లెక్కగట్టి, ఇంటి యజమానికి ఓటిస్తారు. నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో పెద్దాయనకే ఓటు. ఇది నేను పాఠంలో ఏళ్ల తరబడి చెబుతున్న విషయమే. అచ్చుకాగితం మీద, ఆ నియమాన్ని అమలు చేసిన ఆఫీసుల కట్టల మధ్య చదివితే దాని బరువు వేరుగా ఉంది.

మూడో రోజో నాలుగో రోజో, మద్రాసు శాసనమండలి చర్చల అచ్చు సంపుటం తెచ్చిచ్చారు. 1921 ఏప్రిల్ 1 నాటి సమావేశం. 1919 చట్టానికి ముందు ఓటు హక్కు ఎవరికివ్వాలో తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ ఆడవాళ్లకు ఓటు వద్దని సిఫారసు చేసింది. బ్రిటిష్ పార్లమెంటు అటూ ఇటూ తేల్చకుండా ఆ నిర్ణయాన్ని ఇక్కడి సభలకే వదిలేసింది. స్త్రీలకు అనర్హత ఉంది, కానీ సభ తీర్మానం చేస్తే ఆ అనర్హతను తీసేయవచ్చు, ఇదీ నియమం. ఆ తలుపును బ్రిటిష్ ఇండియాలో మొట్టమొదట తెరిచింది మద్రాసు మండలి, ఆరోజే. సభలో ఉన్నవాళ్లందరూ మగవాళ్లే. వాళ్లు లేచి మాట్లాడిన మాటలు వరసగా చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న తమిళ పరిశోధకురాలు నా వంక చూసి నవ్వి మంచినీళ్ల సీసా జరిపింది. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరం కలిసే వెళ్లాం. తనది ఆలయాల భూముల మీద పని.

అయితే ఆ తీర్మానం ఇచ్చింది ఓటు మాత్రమే. సభ్యురాలిగా కూర్చునే హక్కు మరో ఐదేళ్లకు, 1926లో వచ్చింది. ఆ ఏడాదే కమలాదేవి చట్టోపాధ్యాయ మద్రాసు మండలికి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. ముత్తులక్ష్మీ రెడ్డి గారు నామినేట్ అయి, 1927లో మండలి ఉపాధ్యక్షురాలయ్యారు. ఓటు వేయడం ఒక హక్కు, సభలో కూర్చోవడం ఇంకో హక్కు, ఈ రెంటికీ వేర్వేరు ఫైళ్లు, వేర్వేరు తేదీలు. నా పరిశోధన రెండు అధ్యాయాలుగా విడిపోవాలని ఎగ్మూరులోనే తేలిపోయింది.

మద్రాసు ప్రభుత్వ గెజిట్ అయిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ సంపుటాల్లో నియమాల సవరణలు, నోటిఫికేషన్లు దొరికాయి. మా తాలూకా ఓటర్ల జాబితా దొరకలేదు. దొరకదని సూపరింటెండెంట్ గారు ముందే చెప్పినా, చివరిరోజు ఆఖరి స్లిప్పు దాకా ఆశ పోలేదు. తిరుగు బండిలో ఆ దిగులుతోనే పడుకున్నాను. ప్రయాణం, గది, తిండి, నకళ్లు అన్నీ కలిపి ఆ ట్రిప్పుకి పదిహేను వేల దాకా అయింది.

వర్షాకాలమంతా ఇంట్లో కూర్చునే ఢిల్లీ పని చేశాను. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే, చాలా ఫైళ్ల వివరాలు వెతకవచ్చు. స్కాన్ చేసినవైతే ఇంటి నుంచే చదవవచ్చు. రాత్రి పిల్లలు పడుకున్నాక గంటో రెండు గంటలో దాని ముందు కూర్చునేదాన్ని. స్కాన్ కాని వాటికి శాఖ, బ్రాంచి, సంవత్సరం, ఫైలు నంబరు, భాగం రాసుకున్నాను. భాగం ముఖ్యం. పాత ప్రొసీడింగ్స్‌ను ఎ, బి, డిపాజిట్ అని విడదీశారు. 'ఎ' అంటే ముఖ్యమైనవి. నాకు మాత్రం 'బి', 'డిపాజిట్'లలోనే ఎక్కువ సరుకు దొరికింది. చిన్న సందేహాలు, ఎవరిని జాబితాలో చేర్చాలి, ఎవరిని చేర్చకూడదు లాంటి ప్రశ్నలు అక్కడే ఉంటాయి.

దసరా సెలవుల్లో ఢిల్లీ వెళ్లాను. దసరా రోజు అక్కడా సెలవే కాబట్టి, 2024 అక్టోబరు 7 సోమవారం పొద్దున జనపథ్‌లో ఉండేలా ఏపీ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చేసుకున్నాను. సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రోలో దిగి నడిచిపోవచ్చు. ఉత్తరం, గుర్తింపు కార్డు చూపించి రీడర్‌గా నమోదు చేసుకున్నాను. నంబర్లన్నీ ముందే రాసుకుని వెళ్లడం వల్ల మొదటిరోజే స్లిప్పులు ఇవ్వగలిగాను. అడిగినవాటిలో కొన్నింటికి స్లిప్పు మీద ఎన్.టి. అని రాసి వెనక్కి వచ్చింది. దాని అర్థం, సంబంధిత శాఖ ఆ ఫైలును అసలు ఆర్కైవ్స్‌కు పంపలేదని. ఇండెక్సులో పేరుంటుంది, వస్తువు ఉండదు. కాబట్టి ఒక్క ఫైలు మీదే నమ్మకం పెట్టుకుని అంత దూరం వెళ్లకూడదు. ఒకే సంగతి మీద ఢిల్లీలో ఒక ఫైలుంటే, దానికి జతగా మద్రాసులోనూ ఒకటి ఉండే అవకాశం ఉంటుంది. నాకు అలా ఎన్.టి. అయిన ఒక ఉత్తరం నకలు ఎగ్మూరులో రాసుకున్న నోట్సులోనే కనిపించింది.

రిఫార్మ్స్ ఆఫీస్ ఫైళ్లలో 1935 భారత ప్రభుత్వ చట్టానికి దారి తీసిన కాగితాలు చూశాను. ఆ చట్టం ఆరో షెడ్యూలే ఓటు హక్కు షెడ్యూలు. మద్రాసులో ఆస్తి లేకపోయినా చదవను రాయను వచ్చని రుజువు చేస్తే ఓటిచ్చారు. నిర్ణీత అర్హత ఉన్న మగవాడి భార్యకూ, సైనికుల పింఛను తీసుకునే వితంతువుకూ, తల్లికీ ఇచ్చారు. ఐదో షెడ్యూలులో మద్రాసు శాసనసభకు 215 సీట్లు. అందులో స్త్రీలకు 8. సాధారణ సీట్లు 146 ఉంటే, వాటిలో 30 షెడ్యూల్డు కులాలకు. ఏజెన్సీ లాంటి వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు ఒకే ఒక్కటి.

ఈ రెండు షెడ్యూళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఐదో షెడ్యూలు 30 మందికి సభలో కుర్చీలు వేసింది. ఆరో షెడ్యూలు వాళ్ల వాడల్లో ఎంతమందికి ఓటిచ్చింది? భూమి లేదు, పన్ను లేదు, బడిలోకి రానివ్వలేదు కాబట్టి చదువూ లేదు. 1937లో వాళ్ల ప్రతినిధిని ఎన్నుకునే వరసలో వాళ్లే అతి తక్కువగా నిలబడి ఉంటారు. ఈ సంగతిని నేను క్లాసులో ఇంతకుముందు ఇలా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఢిల్లీలో చివరి పూట రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు చూశాను. అవి పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో కూడా ఉన్నాయి, వాటికోసం ఎవరూ ప్రయాణం చేయక్కర్లేదు. 1949లో సభ్యత్వ అర్హతల చర్చలో, రాజ్యసభకు కనీస వయసు 35 అని ఉన్న చోట 30 చేయాలని సవరణ తెచ్చింది మన దుర్గాబాయి గారు. రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగిన మనిషి. ఆవిడ పుట్టిన 1909లో మా జిల్లాలో ఏ ఆడదానికీ శాసనమండలి ఓటు లేదు. నలభై ఏళ్లకు ఆవిడే దేశం మొత్తానికి సభ్యత్వ నియమం దిద్దారు. నోట్సులో ఆ పుట దగ్గర తేదీ రెండుసార్లు రాసుకున్నాను.

ఇక పేర్లు వేరే దారిలో వస్తాయన్న మాట. నవంబరు నుంచి ఆ దారి పట్టాను. జాబితా లేకపోయినా జాబితా తయారు చేసిన కొలత ఉంది: శిస్తు. శిస్తు ఎవరు కట్టారో చెప్పే రిజిస్టరు ఉంది: డైగ్లాట్. ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణం, మాగాణా మెట్టా, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. భూమి తగాదాలు పడ్డవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు. ఒక కార్యాలయంలో అర్జీ పెట్టుకుంటే మా ఊరి పుటలు చిరిగిపోయాయి, బయటికి తీయలేం అన్నారు. మళ్లీ మళ్లీ వెళ్లాక సంక్రాంతి ముందు ఒకరోజు అక్కడే కూర్చుని చూసుకోమన్నారు. సగం పుటలే ఉన్నాయి.

మిగతా సగం మా ఊరి పాత కరణం గారి ఇంట్లో దొరికాయి. 1984లో కరణాలను తీసేసినప్పుడు ఆయన అధికారిక దస్తరాలు అప్పగించేశారు. సొంతానికి రాసుకున్న నకళ్లు మాత్రం అటక మీద ఉండిపోయాయి. ఆయన మనవడు, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన, నిచ్చెన వేసి తానే దించారు. "చూసుకో అమ్మాయ్, చెదలకంటే ముందు నువ్వొచ్చావు" అన్నారు. వాళ్లావిడ పీట, ఫ్యాను, కాఫీ ఇచ్చి నన్ను సాయంత్రం దాకా వసారాలో కూర్చోనిచ్చారు. ఆ ఇంటికి నేను ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను.

లెక్క కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ఒక పట్టాదారుకు ఉన్న సర్వే నంబర్లన్నీ ఏరి, శిస్తులు కూడి, కనీసం పది రూపాయలు అయిందా అని చూడటమే. ఎకరానికి ఐదు రూపాయల మాగాణి అయితే రెండెకరాలకే అర్హత వస్తుంది. రూపాయి మెట్ట అయితే పదెకరాలుండాలి. అందుకే కాలవ కింద ఊళ్లలో ఓటర్లు ఎక్కువ, పక్కనే మెట్టలో తక్కువ అయి ఉంటారు. గోదావరి కాలవ ఎటు పారిందో ఓటు కూడా అటే పారిందని మా గైడ్‌కి చూపిస్తే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, దీన్నే ప్రధాన అధ్యాయం చేయమన్నారు. జమీ గ్రామాలకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఎస్టేటు దస్తరాలు వెతకాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. డైగ్లాట్ చెప్పేది అర్హత. అర్హత ఉన్న ప్రతివాళ్ల పేరూ జాబితాకెక్కిందని దాని మీద చెప్పలేం. నా థీసిస్‌లో 'ఓటరు' అని రాయడం లేదు, 'అర్హులు' అనే రాస్తున్నాను.

ఆ పుటల్లో ఆడవాళ్ల పేర్లు కొన్నే ఉన్నాయి, దాదాపు అందరూ వితంతువులు. పేరు, పక్కన ఫలానావారి భార్య అని. వాళ్లలో ఒకావిడ భూమికి శిస్తు పది రూపాయలు బాగా దాటింది. 1920 ఎన్నికలప్పుడు ఆవిడకు భూమి ఉంది, ఓటు లేదు. 1921 ఏప్రిల్ తీర్మానంతో 1923 ఎన్నికల నాటికి అర్హత వచ్చింది. ఆవిడ వెళ్లి ఓటేసిందో లేదో చెప్పే కాగితం నాకింకా కనబడలేదు. ఆవిడ ఇంటివాళ్లు ఇప్పుడు ఊళ్లో లేరు. మా పేటలో, దాని పక్కన మాలపల్లెలో ఒక్క పేరు కూడా లేదు. పుట తిప్పి మళ్లీ చూశాను. అక్కడివాళ్లు మొదటిసారి ఓటు వేసింది 1952లో, వయోజన ఓటు వచ్చాకే అనుకోవాలి. మా నాయనమ్మ కూడా వాళ్లలోనే ఉంది.

ఇప్పుడు నా పని 1937 దగ్గర ఆగి ఉంది. ఆ ఎన్నికలకు చదువు అర్హతతో ఓటు అడిగినవాళ్ల దరఖాస్తులు ఎక్కడైనా మిగిలాయేమో చూడటానికి మళ్లీ డిసెంబరులో ఎగ్మూరు వెళ్తున్నాను, అనుమతి కాగితం వచ్చింది. కోస్తాలోగానీ సీమలోగానీ కరణాల ఇళ్లలో, మునసబుల ఇళ్లలో, పాత కాంగ్రెస్ కార్యకర్తల ఇళ్లలో అచ్చువేసిన ఓటర్ల జాబితాలు ఉండవచ్చు. పాత పేపర్లవాడికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. ఇంగ్లీషులోనో తెలుగులోనో వరస నంబర్లు, పేర్లు, తండ్రి పేర్లు ఉన్న పుటలు కనిపిస్తే ఫొటో తీసి మీ జిల్లా కాలేజీలో చరిత్ర చెప్పేవాళ్లకు చూపించండి. సర్కారు దాచనిది మీ అటక మీద ఉండి ఉండవచ్చు.